ఆకురాయి కింద పైకామా

ఉదయగిరి కొండకూ ఆత్మకూరు బస్టాండుకూ మధ్య ఉన్న ఏ ప్రభుత్వ ఆఫీసులోనైనా ఒక ఇంగ్లీషు ఉత్తరం తీసి చూడండి. అందులో అపాస్ట్రఫీ ఉండవలసిన చోట ఉందంటే, దాన్ని అక్కడ నిలబెట్టినవాణ్ణి నేను. ముప్పై రెండేళ్ళు టైపు నేర్పాను. నా కేకలు తిన్న టైపిస్టులు కలెక్టరేటు దాకా ఉన్నారు. ఒకసారి కలెక్టరుగారు సంతకం పెట్టబోతూ కలం ఆపి, ఈ ఉత్తరం ఉదయగిరి బ్యాచ్ వాళ్ళు కొట్టిందేనా అని అడిగారట.

కలెక్టరుగారు అలా అడగలేదు. అడిగితే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను. అనుకోగా అనుకోగా విన్నట్టే అయింది. కలెక్టరేటు దాకా ఉన్నారన్న మాట నిజమే గానీ, అక్కడున్నది ఒక్కడు. వాడు ఇప్పుడు జీపు నడుపుతున్నాడు.

అసలు సంగతి చెబుతాను. ఉదయగిరిలో అపాస్ట్రఫీని నిలబెట్టినవాణ్ణి కాదు నేను. ఆకురాయి పెట్టి అరగదీయించినవాణ్ణి. నిలబెట్టింది వేరే మనిషి. ఆ మనిషి గురించి చెప్పాలనే ఇంత దూరం వచ్చాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. మీ ఫోన్లు అడక్కుండానే ఆ చిన్న తోకను తెచ్చి అతికిస్తాయి, వద్దన్నచోట కూడా అతికిస్తాయి. టైపు మిషన్ అలా కాదు. మీరు కొడితేనే పడుతుంది, కొట్టినచోటే పడుతుంది. ఎనిమిది అంకె ఉన్న మీటకు పైభాగాన అపాస్ట్రఫీ ఉండేది. ఎడమచేతి చిటికెన వేలితో షిఫ్టు నొక్కిపట్టి, కుడిచేత్తో ఎనిమిది కొడితే, కాగితం మీద ఒక కామా గాలిలో వేలాడుతుంది. మేము దాన్ని పైకామా అనేవాళ్ళం.

మా ఇన్‌స్టిట్యూట్ అసలుది ఆత్మకూరులో. యజమాని అక్కడే ఉండేవాడు. ఉదయగిరిది బ్రాంచి. మందుల షాపు మేడమీద ఒక గది, ఆరు మిషన్లు, ఒక గోడగడియారం, నేను. పేరుకు యజమాని ఆయనైనా, ఉదయగిరి మాత్రం నా రాజ్యమే అనుకునేవాణ్ణి.

పైకామాతో ఒక చిక్కు ఉంది. దాని మొన సన్నం. పెద్ద అక్షరమైతే దెబ్బను నాలుగు వైపులా పంచుకుంటుంది, దీనికి మొత్తం బలం ఒక్క చుక్క మీద పడుతుంది. మా దగ్గరికి వచ్చే పిల్లలేమో చేనులో పని చేసి వచ్చిన చేతులతో మీటలను గునపంతో కొట్టినట్టు కొట్టేవాళ్ళు. పైకామా కాగితాన్ని చిల్లు పొడిచి, వెనకనున్న రబ్బరు రోలరులో గుంట చేసేది. గుంట పడిన రోలరు మీద మిగతా అక్షరాలు సగం సగం పడతాయి. మిషన్లు తయారుచేయడమే మానేసిన రోజులు కాబట్టి కొత్త రోలర్లు దొరకవు. రోలరు చెడితే మిషన్ మూల పడ్డట్టే.

ఏ.ఎస్.పేట నుంచి నెలకోసారి ఒక మెకానిక్ వచ్చేవాడు. నా ఈడువాడే. ఆయన మిషన్ మూత తీయకముందే జబ్బు చెప్పేవాడు. మెట్లెక్కి వస్తూ, కింద మెట్టు దగ్గరే, "సారూ, అయిదో నంబరుకు స్ప్రింగు వదులైంది" అనేవాడు. పైకొచ్చి చూస్తే నిజంగానే వదులై ఉండేది. చెవిలో పానా పెట్టుకుని పుట్టిన మనిషి. ఆయనతో ఒకరోజు అన్నాను.

"భాయ్, ఈ పైకామా పీడ వదిలించు."

"ఏంది సారూ, అచ్చు పీకేయమంటావా?"

"పీకొద్దు. కింద ఎనిమిది ఉండాల. పైన తోక మాత్రం అరగదీయి. ఆరింటికీ."

"రేపు పిలకాయలు పరీక్షలో ఏం కొడతారు?"

"పరీక్ష ఆత్మకూరు మిషన్ల మీద గదా. ఈడ వేలికి అలవాటైతే చాలు."

"ఆలోచించుకో సారూ. అరగదీసేది పది నిమిషాలు. మళ్ళా మొలిపించేది నా వల్ల గాదు."

"ఆలోచించినాలే భాయ్, నువ్వు కానీ."

ఆయన దగ్గరున్న ఆకురాయి మొరటుది. వీధిలోకి దిగి, చెక్కతో గరిటెలూ స్పూన్లూ చెక్కేవాళ్ళ దగ్గరికి పోయి, వాళ్ళు నగిషీ పనికి వాడే సన్న ఆకురాయి అడిగి తెచ్చాడు. మధ్యాహ్నం అన్నంలోపు ఆరు మిషన్ల పైకామాలూ పొడై కాగితం మీద రాలాయి. కింద ఎనిమిది అంకెకు గీత పడలేదు. నేను మెచ్చుకున్నాను. ఆయన వేలితో అచ్చు తడిమి, "నున్నగా వచ్చింది సారూ. మంచి పని చేసినట్టు మాత్రం లేదు" అన్నాడు.

ఆ రోజు నుంచి మా గదిలో ఒక ఆచారం మొదలైంది. పైకామా రావలసిన చోట షిఫ్టు పట్టి ఎనిమిది కొట్టాలి. కాగితం మీద ఏమీ పడదు, ఖాళీ మిగులుతుంది. కాగితం బయటికి తీశాక ఆ ఖాళీలో నల్ల పెన్నుతో తోక పెట్టుకోవాలి. సాయంత్రం అందరి కాగితాలూ నా బల్ల మీదికి వచ్చేవి. నేను ఒక్కొక్కటే తీసి, మరిచిపోయిన చోటల్లా పెట్టేవాణ్ణి. అచ్చు వేసినట్టు ఉండేవి నా తోకలు. ఏది మిషన్‌దో ఏది పెన్నుదో యజమాని కూడా పోల్చలేకపోయాడు.

ఇక్కడ ఇంకొకటి ఒప్పుకోవాలి. ఎక్కడ పెట్టాలో నాకు సరిగ్గా తెలియదు. టైపు నేర్పేవాడికి వేళ్ళు తెలిస్తే చాలని నా నమ్మకం. ఎస్ అక్షరం మాట చివర కనబడితే నా పెన్ను ఆగేది కాదు. రైతులన్నా పెట్టేవాణ్ణి, పుస్తకాలన్నా పెట్టేవాణ్ణి, రూల్సన్నా పెట్టేవాణ్ణి. ఆత్మకూరు బజారులో టిఫిన్ల బోర్డు మీదా టైలర్ల బోర్డు మీదా ఈగలు వాలినట్టు అవే కదా. అంతమంది తప్పు చేస్తారా అని ధైర్యం.

అలా కొన్నేళ్ళు గడిచాక ఆమె వచ్చింది.

ముప్పై ఏళ్ళుంటాయి. పుట్టిల్లు మర్రిపాడు వైపు పల్లె, గొర్రెల మందలున్న కుటుంబం. భర్త ఉదయగిరిలో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండి చనిపోయాడు. ఆ ఉద్యోగం ఈమెకు ఇచ్చారు, గడువులోపు ఇంగ్లీషు టైపు పరీక్ష పాసవ్వాలన్న షరతు మీద. ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చేశాయి గానీ షరతు మాత్రం పాత మిషన్ దగ్గరే ఆగిపోయింది. ఒకసారి గడువు పెంచారు. ఇక పెంచరు. ఈ పరీక్ష పోతే గుమాస్తా కుర్చీలోంచి లేచి, గుమ్మం పక్కన అటెండరు బల్ల మీద కూర్చోవాలి.

మొదటి రోజే ఆ మాట చెప్పింది. నేను ఓదార్పుగా, "అటెండరు పనైనా ప్రభుత్వ ఉద్యోగమే గదమ్మా, సిగ్గేముంది" అన్నాను.

"బల్ల మీద కూర్చునేది సిగ్గు గాదు సార్. ఆఫీసు పని నాకు వస్తా ఉండాది. వచ్చే పనిని చేతులారా పోగొట్టుకునేది సిగ్గు" అంది.

నేను ఆమెకు మూడో నంబరు మిషన్ ఇచ్చాను. మా గదిలో అది పట్టపుటేనుగు. రోజూ ఆఫీసు అయ్యాక వచ్చేది. పాత ప్రశ్నపత్రాల కట్ట ఒకటి నా బీరువాలో ఉండేది, అడిగి తీసుకుంది. కొట్టడానికనుకున్నాను. చదవడానికి.

నెల తిరక్కముందే ఒక సాయంత్రం, నేను పెన్నుతో తోకలు పెట్టి ఇచ్చిన కాగితం తీసుకుని నా బల్ల దగ్గర నిలబడింది.

"సార్, ఈడ ఎందుకు పెట్టినారు?"

"ఎస్ ఉండాది గదమ్మా."

"ఎస్ ఉంటే పెడతారా?"

"మరి?"

ఆమె నవ్వలేదు. క్లాసులో మిగతావాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించింది. అది నా పరువు కోసమని ఆ పూట నాకు తట్టలేదు.

"మా నాయన గొర్రెలకు వీపు మీద ఎర్ర రంగు పూస్తాడు సార్. మా చిన్నాయన మందకు నీలం. మేతకాడ మందలు కలిసిపోతే ఎవరివో తెలియాలని. అంతేగానీ, గొర్రెలు చానా ఉండాయని చెప్పేదానికి రంగు పూసేది లేదు. చానా ఉండేది చూస్తేనే తెలుస్తాది గదా. ఇది కూడా అట్టాంటి రంగే సార్. ఎవరిదో చెప్పేదానికి పెట్టేది. పుస్తకాలు పది ఉంటే పది ఉండనీ, వాటికి రంగెందుకు?"

"సరే. ఫార్మర్స్‌కు ఎస్ ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా?" అని అడిగాను. పరీక్షిస్తున్నట్టు మొహం పెట్టాను గానీ, నిజంగా తెలియకే అడిగాను.

"ఒక రైతు పొలమైతే ఆ మనిషి పక్కనే రంగు, ఎస్ ముందర. నలుగురిదీ అయితే ఆ నలుగురినీ చెప్పేసినాక రంగు, ఎస్ ఎనక. పాత పేపర్లన్నీ పక్కపక్కన పెట్టి చూసినా సార్, అంతటా ఇట్టనే ఉండాది. ఇంకో రకం కూడా ఉండాది. రెండు మాటలు కలిపి చెప్పేటప్పుడు నడుమ ఒక అక్షరం రాలిపోతాది గదా, రాలిన చోట గుర్తు పెడతారు."

"ఇట్స్?"

"అదే సార్ నన్ను మూడు రోజులు తిప్పింది. రెండు మాటలు కలిసిందైతే పెట్టాల. 'దానిది' అని చెప్పేటప్పుడు పెట్టగూడదు. హిజ్‌కు లేదు, హర్‌కు లేదు. దీనికి మాత్రం ఎందుకుంటాది?"

ఇంగ్లీషులో డిగ్రీ చేసినవాళ్ళు నాకు ముందూ తర్వాతా చాలామంది తగిలారు. ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. ఆమె చదువు ఇంటర్మీడియట్ దగ్గర ఆగింది. మరుసటి రోజు పొద్దున బ్యాచ్‌కు నేను బల్ల మీద చెయ్యి వేసి, "పిలకాయలూ, గొర్రెల మందలో ఎర్ర రంగు ఎందుకు పూస్తారో తెలుసా" అని మొదలుపెట్టాను. పొద్దుటి బ్యాచ్‌లో ఆమె ఉండదు. అలా ఆ గొర్రెలు నావైపోయాయి. ఉదయగిరిలో ఇప్పటికీ కొందరు అది నా పాఠమే అంటారు. నేను ఖండించలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం నా బల్ల దగ్గర కూర్చుని ఉండగా, మూడో నంబరు నుంచి కొత్త చప్పుడొకటి వచ్చింది. టకటకా పోతున్న మిషన్ ఆగింది. కిర్రుమని ఒక టిక్కు. ఒక దెబ్బ. మళ్ళీ కిర్రుమని ఒక టిక్కు. మళ్ళీ టకటకా. లేచి వెళ్ళాను.

"ఏమ్మా, టైపు కొడతా ఉండావా, తిరగలి తిప్పతా ఉండావా?"

ఆమె చూపించింది. పైకామా రావలసిన చోట రోలరును పక్కనున్న గుండుతో ఒక్క టిక్కు వెనక్కి తిప్పి, మామూలు కామా కొట్టి, మళ్ళీ ఒక టిక్కు ముందుకు తిప్పుతోంది. కాగితం కొంచెం కిందికి జారుతుంది కాబట్టి కామా పైన పడుతుంది. అచ్చు పైకామాలాగే ఉంది.

"పెన్ను అక్కర్లేదు సార్."

"రోలరు పళ్ళు అరిగిపోతాయి. అట్టాంటియన్నీ చేయబాక. పెన్నుతో పెట్టుకో."

"పెన్నుతో దిద్దింది పరీక్షలో తప్పు కింద కొట్టేస్తారు గదా సార్."

"పరీక్షకు ఆత్మకూరు మిషన్ ఇస్తానమ్మా. దానికి పైకామా ఉండాది."

"ఉంటే మంచిదే" అని ఊరుకుంది.

ఆ టిక్కు కిటుకు నేనే నేర్పానని ఆత్మకూరులో పది మందికి చెప్పాను. మీకు మాత్రం నిజం చెబుతున్నాను. నేర్పలేదు. వద్దన్నాను.

పరీక్ష రేపనగా యజమాని ఫోన్ చేశాడు. ఆత్మకూరులో రెండు మిషన్లు దెబ్బతిన్నాయి, మన పిల్లలకు ఒకటి తక్కువ పడుతోంది, ఉదయగిరి నుంచి ఒకటి తీసుకురమ్మన్నాడు. నాకు గొప్ప ఆలోచన వచ్చింది. ఆమెను పిలిచాను.

"నీకు చెయ్యి అలవాటైన మిషనే పరీక్షకు తెస్తా ఉండానమ్మా. మిగతా వాళ్ళెవరికీ లేని అదృష్టం నీది."

ఆమె నా మొహంలోకి చూసింది. "మూడో నంబరేనా సార్?"

"మూడో నంబరే."

"దాంట్లో..." అని ఆగి, "సరే సార్" అంది.

అంతకుముందు ఆమె పైకామా సంగతి ఎత్తినప్పుడల్లా నేను నోరు మూయించాను కాబట్టి ఆగింది. నేనేమో పూర్తిగా మరిచిపోయాను. ఎన్నో ఏళ్ళుగా లేని పైకామాను రోజూ కొట్టిస్తూ, రోజూ పెన్నుతో పెడుతూ ఉంటే, అది మిషన్‌లో ఉన్నట్టే నా మనసుకు స్థిరపడింది.

మూడో నంబరును పాత దుప్పట్లో చుట్టి ఆత్మకూరు బస్సెక్కాం. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు దుప్పటి మీద తట్టి, "ఏంది సార్ ఇది, కుట్టుమిషనా?" అన్నాడు.

"టైపు మిషన్ అబ్బయా."

"ఇంకా ఉండాయా అయ్యి?"

"ఇదీ ఉండాది, నేనూ ఉండా. ఇద్దరికీ కలిపి ఒకే టిక్కెట్టు కొట్టు."

ఆమె నవ్వింది. ఆరు నెలల్లో నేను చూసిన మొదటి నవ్వు అది. దారి పొడుగునా వేళ్ళు మాత్రం దుప్పటి మీద కదులుతూనే ఉన్నాయి.

పరీక్ష ఒక కాలేజీ హాల్లో, మిషన్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. ఆమెది రెండో బ్యాచ్. మొదటి బ్యాచ్ వాళ్ళు బయటికి వస్తుంటే, ఒక కుర్రవాడి చేతిలోంచి ప్రశ్నపత్రం తీసుకుని చూశాను. రెండు పేపర్లలో మొదటిది, పది నిమిషాల స్పీడు పేపరు. ఏదో సహకార సంఘం గురించిన ఉపన్యాసం. రైతుల హక్కులు, సంఘం అప్పులు, ప్రెసిడెంటుగారి మాట. వరసకు ఒకటి చొప్పున పైకామాలు. చదువుతూ చదువుతూ ఎనిమిదో తొమ్మిదో లెక్కపెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది.

మూడో నంబరుకు పైకామా లేదు. రెండో బ్యాచ్ బెల్లు కొట్టారు. తలుపు వేస్తున్నారు.

పరీక్షల రోజు మెకానిక్ భాయ్ వరండాలోనే ఉండేవాడు, మిషన్ ఏదైనా మొరాయిస్తే చూడటానికి. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"భాయ్, ఆమె ముందర మూడో నంబరు ఉండాది."

ఆయనకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "ఎవరు తెచ్చినారు దాన్ని?"

"నేనే."

"అరగదీయించింది నువ్వే, మోసుకొచ్చింది నువ్వే."

"ఇప్పుడేం చేద్దాం?"

"అచ్చు మార్చాలంటే పాతది ఊడదీసి కొత్తది అతికించాల. పూటంతా పట్టే పని. ఆడ బెల్లు కొట్టేసినారు."

ఇక్కడ నేను చేసింది చెప్పాలి, ఇందులో పెంచింది ఏమీ లేదు. నేరుగా హాలు గుమ్మం దగ్గరికి నడిచాను. పరీక్ష జరిపిస్తున్న సూపరింటెండెంటుగారికి చేతులు జోడించి, అయ్యా, ఆ మూడో వరసలో ఉన్నామె మిషన్ పనికిరానిది, తప్పు నాది, వేరేది ఇప్పించండి అన్నాను. ఆయన గడియారం చూసుకుని, బెల్లయ్యాక మిషన్ మార్చే రూలు లేదని తల అడ్డంగా ఊపాడు. తిరిగి వచ్చి కిటికీ కింద భాయ్ పక్కన కూలబడ్డాను.

లోపల ఇరవై మిషన్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. బయటివాళ్ళకు అది రేకుల మీద వాన. టైపు నేర్పినవాడికి ఒక్కొక్క చుక్కా వేరే వినబడుతుంది. మూడో నంబరు గొంతు నాకు తెలుసు, కొంచెం బొంగురు. అది తొందర లేకుండా, ఆగకుండా పోతోంది. పక్కవాళ్ళు ముందుకు పోతున్నారు. వరస చివరి గంటలు వాళ్ళవి ముందు మోగుతున్నాయి, ఆమెది తర్వాత.

అప్పుడు ఆగింది. కిర్రు. దెబ్బ. కిర్రు. మళ్ళీ పోయింది.

భాయ్ కళ్ళు మూసుకుని గోడకు తల ఆనించాడు. "ఎనక్కి తిప్పతా ఉండాది సారూ."

"అవును."

"ఒక్క టిక్కే. రెండోది పోలేదు. పోయుంటే వరస వంకర పోయేది." కాసేపటికి మళ్ళీ, "రెండు" అన్నాడు. "మూడు."

టిక్కు తిప్పిన ప్రతిసారీ ఆమె వెనకబడుతోంది. తిప్పిన తర్వాత కొన్ని మాటల దూరం చెయ్యి జోరుగా పోయి, పోగొట్టుకున్నది రాబట్టుకుంటోంది. మళ్ళీ నిదానిస్తోంది. అంటే ముందే కాగితంలోకి చూసి, పైకామా ఎక్కడ రాబోతోందో కనిపెట్టి, దానికి ముందు వేగం కూడబెడుతోంది. ఎక్కడ రావాలో అర్థం తెలిసినవాళ్ళు మాత్రమే అలా చేయగలరు. ఎస్ కనబడగానే ఉలిక్కిపడే నాలాంటి వాడైతే ప్రతి మాట దగ్గరా ఆగి చచ్చేవాడు.

"నా చేతుల్లో ఇన్ని వందల మిషన్లు తిరిగినాయి సారూ," అన్నాడు భాయ్, కళ్ళు తెరవకుండానే. "కుంటి మిషన్‌ను ఇట్ట పరిగెత్తించిన మనిషిని ఇప్పుడే వింటా ఉండా."

తొమ్మిది. పది. చివరి నిమిషంలో హాలంతా గుర్రాల్లా దౌడు తీసింది. మూడో నంబరు వరస గంట మోగింది, రోలరు బండి వెనక్కి జరిగిన చప్పుడు, ఏడెనిమిది దెబ్బలు, ఆగింది. ఆ తర్వాత పరీక్ష బెల్లు కొట్టారు. ఆమెకు రెండు మూడు క్షణాలు మిగిలాయి.

రెండో పేపరు కూడా అయ్యాక బయటికి వచ్చింది. మిషన్‌ను దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకునే వచ్చింది, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు. నేను లేచి నిలబడ్డాను.

"ఎన్ని వచ్చినాయమ్మా?" అన్నాడు భాయ్.

"పదకొండు. పదింటికి తిప్పినా. కడపటి దానికి తిప్పితే వరస పూర్తయ్యేది గాదు. తప్పు ఒకటి పోతే పోనీ అని వదిలేసినా."

"నేను వద్దన్నా గదమ్మా, ఎప్పుడు ప్రాక్టీసు చేసినావు?" అన్నాను.

"మీరు టీకి పోయినప్పుడల్లా సార్" అంది.

నేను రోజుకు నాలుగుసార్లు టీకి పోయేవాణ్ణి.

ఫలితాలు వచ్చినప్పుడు ఆమె ఫస్టు క్లాసులో పాసైందని ఉదయగిరంతా చెప్పుకున్నాను. సెకండు క్లాసు. కుర్చీ నిలబడింది. నేనూ కొంత బుద్ధి తెచ్చుకుని, భాయ్‌ను బతిమాలి, మూలపడిన పాత మిషన్ల నుంచి అచ్చులు ఊడదీయించి ఆరింటికీ పైకామాలు అతికించాను. మొలిపించడం నా వల్ల కాదన్న మనిషే, నాలుగు నెలలు తిరిగి ఆరూ మొలిపించాడు. ఆ పని చేస్తున్నంతసేపూ నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే తేలికగా ఉండేది.

ఇప్పుడు ఇన్‌స్టిట్యూట్ లేదు. ఆమె బదిలీ మీద ఆత్మకూరుకు వచ్చింది, ప్రమోషనూ వచ్చింది. ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరం పైకి పోయేముందు ఆమె బల్ల మీదుగా పోవాలని కొత్తగా చేరిన ఇంజనీరింగు పిల్లలు తమంతట తామే ఒక అలవాటు చేసుకున్నారు. ఒకరోజు నేను ఆమె ఆఫీసులో కూర్చుని ఉండగానే ఒకమ్మాయి కాగితం తెచ్చింది. ఆమె చూసి, రెండుచోట్ల గీత పెట్టి, "ఇది లెక్క చెప్పే మాట, ఎవరిదో చెప్పేది గాదు. కంప్యూటరు పెట్టిందని ఉంచబాకమ్మా, దానికేం తెలుసు ఈ ఎవ్వారం" అని తిరిగి ఇచ్చింది. ఆ అమ్మాయి వెళ్ళేటప్పుడు ఆమె వైపు చూసిన చూపు నా ముప్పై రెండేళ్ళలో నా వైపు ఎవరూ చూడలేదు.

ఇక్కడిదాకా రాసి, అచ్చుకు ఇచ్చేముందు ఆమెకు చూపించడం మర్యాద అనిపించి, ఆఫీసుకే తీసుకుపోయి ఇచ్చాను. ఫైళ్ళు పక్కకు జరిపి మొత్తం చదివింది. గొర్రెల దగ్గర కొంచెం నవ్వింది. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఆమె మూడో నాలుగో కాగితం వెనక్కి తిప్పి, ఒకచోట వేలు పెట్టింది.

"సార్, మీరు ఆ రోజు సూపరింటెండెంటు దగ్గరికి రాలేదు."

"వచ్చినానమ్మా, గుమ్మం కాడికి..."

"రాలేదు. నేను గుమ్మానికి ఎదురుగా కూర్చోనుండా. మీరు కిటికీలోంచి నన్ను చూసినారు, నేను చూసేసరికి స్తంభం ఎనక్కి పోయినారు. పరీక్షయినాక నేనే పోయి ఆయన్ని అడిగినా, మిషన్ బాగలేకపోతే ఏం జేస్తారని. ఇట్టాంటి వాటికని హాలు ఎనక ఒక మిషన్ గుడ్డ కప్పి పెట్టుకోనుంటారంట. బెల్లు కొట్టినాక అడిగినా ఇస్తారంట. అది నాకు తెలీదు. ఏటా పరీక్షలకు పిలకాయల్ని తెచ్చే మీకు తెలిసే ఉంటాది. మీరొచ్చి ఒక్క మాట చెప్పుంటే, పదకొండోది కూడా కొట్టుందును."

కాగితాలు సర్ది నా చేతికిచ్చి, "ఇది కూడా రాయండి సార్" అంది.